మెకాంగ్, లద్దాఖ్, పామీర్: మొదటి దూరపు సైకిల్ యాత్రకు ఏది?

పోయిన వానాకాలంలో మా వీధి కుర్రవాడు ఒకడు పెద్ద పటం తెచ్చి నా ముందు పరిచాడు. విశాఖపట్నం నుంచి కోల్‌కతా, ఇంఫాల్, మాండలే, బ్యాంకాక్ మీదుగా సింగపూర్ దాకా ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెడతాడట. "దారి ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు. బాగానే ఉంది, మణిపూర్‌లో మోరే దాకా, అన్నాను. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నప్పటి నుంచి ఆ దేశం మీదుగా తొక్కుకుంటూ థాయిలాండ్ చేరే మాటే లేదు.

వాడి ముఖం చూసి, పడమటి వైపు చూద్దామన్నాను. అక్కడా అంతే. అటారీ–వాఘా ద్వారం 2025 ఏప్రిల్‌లో మూతపడింది. చైనా సరిహద్దు కనుమలు మనలాంటి వాళ్ల కోసం తెరిచి ఉండవు. నేపాల్‌కు హాయిగా వెళ్లవచ్చు, వీసా కూడా అక్కర్లేదు, కానీ అక్కడి నుంచి ముందుకు పోలేక మళ్లీ మన వైపే దిగాలి. సైకిల్ తొక్కేవాడికి మన దేశం ఇప్పుడు ఒక దీవి. ఎప్పుడూ ఇలాగే లేదు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పారసీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచ యాత్రకు బయల్దేరితే, వారిలో ముగ్గురు దాన్ని పూర్తిచేసి 1928లో తిరిగి వచ్చారు. 1977లో ఒడిశా చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా ఢిల్లీలో సైకిలెక్కి, అఫ్గానిస్తాన్, ఇరాన్, టర్కీల మీదుగా స్వీడన్‌లో ఉన్న తన ప్రియురాలిని చేరారు. ఆ గీత ఇప్పుడు కాగితం మీదే మిగిలింది.

కాబట్టి ఆసియాను ఒకే గీతగా చూడడం మానేసి, ఒక ముక్క ఎంచుకోవాలి. సైకిల్‌ను అట్టపెట్టెలో పెట్టి విమానంలోనో రైల్లోనో అక్కడికి చేర్చి, అక్కడి నుంచి తొక్కాలి. మన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగేవి మూడు: మెకాంగ్ వెంబడి లావోస్–వియత్నాం, మనాలి–లేహ్, తజికిస్తాన్‌లోని పామీర్ రహదారి. మూడూ తొక్కాను. అందంలో ఒకదానికొకటి తీసిపోవు, కాబట్టి అందాన్ని బట్టి ఎంచుకోవాలంటే తేలదు. మీకు ఎన్ని రోజుల సెలవు దొరుకుతుంది, అది ఏ నెలలో దొరుకుతుంది, ఏదైనా తేడా వస్తే ఎంత త్వరగా దిగిపోగలరు అన్న మూడు ప్రశ్నలు చాలు.

మెకాంగ్ దారి: నెల రోజులు, జనవరి

మొదటిసారి వెళ్లేవారికి నా ఓటు దీనికే. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో మొదలుపెట్టి వాంగ్ వియెంగ్, వియెంటియాన్, థాఖేక్, సవన్నాఖేత్ మీదుగా దిగి, తొమ్మిదో నంబరు రోడ్డు పట్టుకుని లావ్ బావ్ దగ్గర వియత్నాంలోకి దాటి, హుయె మీదుగా దనాంగ్ చేరడం. అంతా కలిపి 1,300 నుంచి 1,400 కిలోమీటర్లు. రోజుకు 60–70 చొప్పున తొక్కి, వారానికో రోజు విశ్రాంతి తీసుకున్నా నాలుగు వారాల్లో అయిపోతుంది. ఇంకో వారం ఉన్నవాళ్లు థాయిలాండ్‌లోని చియాంగ్ రాయ్‌లో మొదలుపెట్టి, హువాయ్ సాయ్ దగ్గర సైకిల్‌ను పడవ ఎక్కించి, రెండు రోజులు మెకాంగ్ మీద ప్రయాణించి లువాంగ్ ప్రబాంగ్‌లో దిగవచ్చు. రాత్రికి పడవ పాక్ బెంగ్ అనే ఊళ్లో ఆగుతుంది.

ఈ దారిలో గొప్పదనం ఏమిటంటే, తప్పు చేసినా శిక్ష చిన్నది. అలిసిపోతే సైకిల్‌ను బస్సు పైకి ఎక్కించవచ్చు. ట్యూబు పోతే తర్వాతి ఊళ్లో మోపెడ్లు బాగుచేసే కొట్టు ఉంటుంది. చిన్న పట్నాల్లో కూడా అతిథి గృహాలు ఉంటాయి కాబట్టి టెంటు మోయక్కర్లేదు. లావోస్‌లో అసలు టెంటు వద్దనే చెబుతాను. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. పేలకుండా మిగిలినవి ఇప్పటికీ నేలలో ఉన్నాయి. కాలిబాట వదిలి పొదల్లోకి వెళ్లి గుడారం వేయడం అక్కడ సాహసం కాదు, తెలివితక్కువతనం.

అలాగని చదును దారి అనుకోకండి. లువాంగ్ ప్రబాంగ్ నుంచి కియు కచామ్ అనే కొండ ఊరికి సుమారు 80 కిలోమీటర్లు. మధ్యలో ఒక కొండ ఎక్కి, ఎక్కినదంతా నది దాకా దిగిపోయి, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. ఆ రెండో ఎక్కుడులో నా నీళ్ల సీసా ఖాళీ అయింది. గుడిసెల ముందు పిల్లలు "సబాయ్‌దీ" అని అరుస్తూ చేతులు చాస్తుంటే, చేయి ఎత్తి తిరిగి పలకరించే ఓపిక కూడా లేదు. చీకటి పడ్డాక ఊరు చేరితే, బస ఇచ్చిన ఇంటావిడ వెదురు బుట్టలో పొగలు కక్కే జిగురన్నం తెచ్చి పెట్టింది. అక్కడ అన్నాన్ని వేళ్లతో చిన్న ముద్ద చేసుకుని కూరలో అద్దుకుని తింటారు. నేను సంచిలోంచి కందిపొడి సీసా తీసి దానిలో అద్దుకున్నాను. ఆవిడ కూడా ఒక ముద్ద అద్దుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, మరో ముద్దకు చేయి చాచింది.

శాకాహారులకు ఇక్కడ కాస్త కష్టమే. లావోస్ కూరల్లోనూ వియత్నాం కూరల్లోనూ పులియబెట్టిన చేపల రసం (ఫిష్ సాస్) ఉప్పు స్థానంలో ఉంటుంది. వియత్నాంలో "చాయ్" అని రాసి ఉన్న కొట్టు వెతుక్కోండి, అది తేనీరు కాదు, బౌద్ధుల శాకాహారం. థాయిలాండ్‌లో దాన్ని "జే" అంటారు, పసుపు జెండాల మీద ఎర్ర అక్షరాలు ఉంటాయి.

కాలం విషయంలో చాలామంది బోల్తాపడతారు. "నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది" అని ఎక్కడ చూసినా ఉంటుంది. లావోస్‌కు అది నిజమే. కానీ హుయె, దనాంగ్ తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వరదల కాలం. మన నెల్లూరుకు వాన తెచ్చే ఈశాన్య రుతుపవనాలే అక్కడా కురుస్తాయి. మరోవైపు ఫిబ్రవరి చివర నుంచి ఉత్తర లావోస్, ఉత్తర థాయిలాండ్‌లలో పొలాలూ కొండలూ తగలబెట్టే పొగ మొదలవుతుంది, ఏప్రిల్ దాకా ఊపిరాడదు. ఈ రెండింటి మధ్య మిగిలే సందు జనవరి. సంక్రాంతికి ఇంట్లో ఉండాలనుకుంటే పండగ అయిన మర్నాడు బయల్దేరండి. ఒక్కటి చూసుకోండి: వియత్నాం కొత్త సంవత్సరం "తేత్" జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ వారం కొట్లు మూసేసి అందరూ సొంత ఊళ్లకు పోతారు, మీకు అన్నం పెట్టేవాళ్లు దొరకరు.

వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి 90 రోజులకు ఇస్తున్నారు. దరఖాస్తులో ఏ ద్వారం గుండా వస్తారో రాయాలి. విమానాశ్రయం పేరు రాసి లావ్ బావ్ దగ్గర సైకిల్‌తో నిలబడితే లోపలికి రానివ్వరు. ఇంకో చిన్న సంగతి, థాయిలాండ్‌లో మనలాగే ఎడమ వైపు తొక్కుతాం, లావోస్, వియత్నాంలలో కుడి వైపు. మొదటి రోజు ప్రతి మలుపు దగ్గరా పెదవులతో "కుడి, కుడి" అనుకుంటూ తొక్కాను.

వియత్నాంలో అడుగుపెట్టాక ఓపిక ఉంటే హుయె వైపు కాకుండా ఖే సాన్ నుంచి ఉత్తరంగా, హో చి మిన్ రహదారి పడమటి పాయలో ఫోంగ్ న్యా దాకా వెళ్లండి. అడవిలో 200 కిలోమీటర్లు దాటిన దారి, ఊళ్లు అతి తక్కువ, లారీలు దాదాపు ఉండవు. తిండి మోసుకెళ్లాలి. తీరం వెంట వెళ్లేవాళ్లకు దనాంగ్ ముందు హై వాన్ కనుమ వస్తుంది, ఎత్తు 496 మీటర్లు. మన ఘాట్ రోడ్ల ముందు అది పిల్ల కొండ. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి తీరం వెంబడి దక్షిణానికి తొక్కండి, ఉత్తరానికి కాదు.

మనాలి–లేహ్: పదిహేను రోజులు, జులై నుంచి సెప్టెంబరు

సెలవు తక్కువ, పాస్‌పోర్టు లేదు, హిందీ వచ్చు అంటే ఇదే. సుమారు 430 కిలోమీటర్లు, ఎనిమిది నుంచి పది రోజులు తొక్కడం. దూరం చూసి చాలామంది దీన్నే మొదటి యాత్రగా పెట్టుకుంటారు. నా దృష్టిలో అది పొరపాటు. మెకాంగ్ దారిలో శిక్ష చిన్నది అన్నాను కదా, ఇక్కడ పెద్దది.

మనాలి 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి మూడు నాలుగు రోజుల్లో 4,200 మీటర్లు దాటిన చోట నిద్రపోవాల్సి వస్తుంది. బారలాచా లా (లా అంటే కనుమ) 4,890 మీటర్లు, ఆ తర్వాత 21 మలుపుల గాటా లూప్స్, నకీ లా, లాచులుంగ్ లా, చివరకు 5,300 మీటర్లు దాటే తంగ్‌లంగ్ లా. రాత్రికి ఆగే సర్చు, పాంగ్ రెండూ ఎత్తైన చోట్లే. అక్కడ తలనొప్పి ముదిరి వాంతులు మొదలైతే ముందుకు వెళ్లాలన్నా, వెనక్కి రావాలన్నా ఒక పెద్ద కనుమ ఎక్కాల్సిందే. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని వైద్యులు చెప్పే సూత్రాన్ని ఈ దారి అడుగడుగునా వెక్కిరిస్తుంది.

దీనికి ఒక విరుగుడు ఉంది. దారిని తిరగేయండి. లేహ్‌కు చేరి, 3,500 మీటర్ల ఎత్తులో ఐదారు రోజులు ఉండి, చుట్టుపక్కల ఖాళీ సైకిల్ తొక్కి, ఒళ్లు అలవాటుపడ్డాక మనాలి వైపు దిగండి. బారలాచా లా దాటాక దారి చాలావరకు పల్లమే. మనాలి వైపు నుంచే వెళ్తానంటే, బారలాచా లా ఎక్కే ముందు దారిలో వచ్చే జిస్పా అనే ఊళ్లో రెండు రాత్రులు ఉండండి. వాహనం వెంట వచ్చే బృందాలు ఈ దారిలో చాలా నడుస్తాయి. నేను గుంపులకు దూరంగా ఉండే మనిషిని, అయినా లద్దాఖ్ మొదటిసారి వెళ్లేవారికి బృందమే మేలంటాను. సైకిల్ తీసుకెళ్లడం పెద్ద పని అనుకుంటే మనాలిలోనూ లేహ్‌లోనూ గేర్ల సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి.

జింగ్‌జింగ్‌బార్ దగ్గర రోడ్డు మీదుగా పారే మంచు వాగులు నాకు నేర్పిన పాఠం ఒకటి. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక వాగు దగ్గరకు చేరాను. నీళ్లు మోకాలు దాటి, రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. లారీ డ్రైవరొకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, పొద్దున్నే రమ్మన్నాడు. వెనక్కి వెళ్లి డేరా హోటల్లో రాజ్మా అన్నం తిని పడుకుని, ఆరు గంటలకు వచ్చి చూస్తే అదే వాగు చీలమండ లోతుంది. రాత్రి చలికి మంచు కరగడం ఆగిపోతుంది, ఎండెక్కే కొద్దీ వాగు పెరుగుతుంది. అక్కడ సైకిల్ వేగం కంటే నిద్ర లేచే వేళ ముఖ్యం.

ఫోను సంగతి ముందే చూసుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అది ఉన్నా దారిలో చాలా భాగం సిగ్నల్ ఉండదు.

పామీర్: ఆరు వారాలు, జూన్ చివర నుంచి సెప్టెంబరు

సోవియట్ కాలంలో వేసిన ఎం41 రహదారి. కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నుంచి తజికిస్తాన్ రాజధాని దుషాన్బే దాకా సుమారు 1,250 కిలోమీటర్లు. నాలుగు వారాలు తొక్కడం, మిగతాది ప్రయాణాలకూ ఆగడాలకూ. రెండు దూరపు యాత్రలైనా చేసినవాళ్లకే ఇది చెబుతాను.

చాలామంది ఓష్‌లో మొదలుపెడతారు. ఓష్ దాదాపు 1,000 మీటర్లు. నాలుగైదు రోజుల్లో 3,900 మీటర్ల పైన కరాకుల్ సరస్సు, ఆ వెంటనే 4,655 మీటర్ల అక్‌బైతాల్ కనుమ. దుషాన్బేలో మొదలుపెడితే రెండు వేల మీటర్ల ఎత్తున్న ఖోరోగ్ దాకా మెల్లగా లేచి, అక్కడ రెండు రోజులు పడుకుని, పీఠభూమికి తీరిగ్గా ఎక్కవచ్చు. ఊపిరితిత్తుల మాట వినేవాళ్లకు రెండోదే దారి. కిర్గిజ్–తజిక్ సరిహద్దు 2021 నుంచి కొన్నేళ్లు మూతపడి, 2025లో ఒప్పందం కుదిరాక మళ్లీ తెరుచుకుంది. పర్యాటకులకు ఆ సరిహద్దు దగ్గర ఏ నియమాలు నడుస్తున్నాయో టికెట్ కొనే ముందు కనుక్కోండి. తజిక్ ఈ-వీసా దరఖాస్తులోనే పామీర్ ఉన్న గోర్నో–బదఖ్షాన్ ప్రాంతంలో తిరిగే అనుమతిని కూడా అడగాలి. అది లేకపోతే పామీర్ ముఖం చూడలేరు.

ఖోరోగ్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎం41 నేరుగా పోతుంది, తారు మెరుగు. వఖాన్ లోయ దారి ఇష్కాషిమ్, లంగర్ మీదుగా పంజ్ నది వెంట చుట్టు తిరిగి, 4,344 మీటర్ల ఖర్గుష్ కనుమ ఎక్కి మళ్లీ ఎం41లో కలుస్తుంది. నదికి అవతల అఫ్గానిస్తాన్. గాడిద మీద గడ్డిమోపు వేసుకుని పోతున్న ముసలాయన, మనం ఈల వేస్తే తల తిప్పేంత దగ్గర. అందుకే మీరు వఖాన్ వెళ్లాలని నా ఆశ, సరిహద్దు పరిస్థితులు ఎలా ఉన్నాయో అడిగాకే వెళ్లాలని నా సలహా.

లంగర్ దాటిన రోజు నేను తొక్కింది 22 కిలోమీటర్లు, నెట్టింది ఎంతో లెక్కలేదు. రోడ్డంతా ముడతల రేకులా అలలు అలలుగా ఉంటుంది, మధ్యలో ఇసుక. ముంజేతుల దాకా తిమ్మిరి. ఇళ్లలో బస చేస్తే రాత్రి భోజనం, ఉదయం ఫలహారం కలిపి పదిహేను ఇరవై డాలర్లకు అటూ ఇటూగా అవుతుంది. తిండి అంటే రొట్టె, బంగాళాదుంపల చారు, టీ. ఉదయం షీర్ చాయ్ ఇస్తారు: పాలు, ఉప్పు, వెన్న వేసిన టీలో ఎండు రొట్టె ముక్కలు నానేసుకుని తాగడం. మొదటి గుక్కకు ముఖం చిట్లించాను, నాలుగో రోజుకు ఎప్పుడు ఇస్తారా అని చూశాను. శాకాహారులు బతకగలరు, కానీ రుచుల గురించి ఆలోచించకూడదు. డాలర్లు నోట్ల రూపంలో దగ్గర ఉంచుకోండి, ఖోరోగ్ దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ టెంటు తప్పనిసరి, తోడు ఒకరుండడం మంచిది.

పది రోజులే సెలవున్నవాళ్లు ఈ మూడింటినీ వదిలేసి శ్రీలంక చూడండి. ఎడమ వైపు రోడ్లు, దోసె, సాంబారు, ఎల్ల అనే కొండ ఊరి దాకా కొండలు, తర్వాత సముద్రం. డబ్బు ఉండి భయం ఎక్కువ ఉన్నవాళ్లకు జపాన్‌లో షిమనామి కైదో ఉంది, ఒనోమిచి నుంచి ఇమాబారి దాకా దీవుల మధ్య వంతెనల మీద 70 కిలోమీటర్లు.

ఏ సైకిల్?

ఈ ప్రశ్నకు అనవసరంగా ఎక్కువ సమయం పెడతారు. ఉక్కు చట్రమా, అల్యూమినియమా అని నెలలు వాదించుకునేవాళ్లు పళ్ల చక్రాల లెక్క చూసుకోరు. ముందు చిన్న చక్రానికి 22 నుంచి 26 పళ్లు, వెనక పెద్దదానికి 34 లేదా 36 ఉంటే సామాను వేసుకుని ఎక్కుడు ఎక్కగలరు. పందెపు సైకిళ్లకుండే ముందు 34, వెనక 28 పళ్లతోనైతే కియు కచామ్‌లో దిగి నెట్టడమే. టైరు వెడల్పు లావోస్‌కు 35–40 మిల్లీమీటర్లు చాలు, లద్దాఖ్‌కు 40 పైన, పామీర్‌కు 50. అందుకే ఇంట్లో ఉన్న మామూలు కొండ సైకిల్‌కు వెనక క్యారియర్ బిగించుకున్నవాడు మెకాంగ్‌కు సిద్ధమైనట్టే. పామీర్‌కైతే వెనక చక్రానికి 36 పుల్లలు (స్పోకులు) ఉన్నది తీసుకోండి. పుల్ల విరిగేది దాదాపు ఎప్పుడూ గేర్ల వైపే, దాన్ని మార్చాలంటే గేర్ల చక్రం విప్పే పనిముట్టు ఉండాలి. బ్రేకులు తీగవైతే మంచిది, నూనె బ్రేకు కారడం మొదలైతే పామీర్‌లోని ముర్గాబ్ ఊళ్లో మీకు సాయం చేసేవాడు ఉండడు.

విశాఖ వైపు వాళ్లకు పరీక్ష పెట్టుకోవడానికి అనంతగిరి ఘాట్ ఉంది. 15 కిలోల సామాను వేసుకుని శృంగవరపుకోటలో మొదలుపెట్టి అరకు దాకా తొక్కి, అక్కడ పడుకుని, మర్నాడు తిరిగి రండి. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సౌర కప్పు దారి 23 కిలోమీటర్లు ఉంది, కానీ చదునుగా, నీడలో తొక్కి లావోస్‌కు తయారయ్యామనుకోకండి.

చివరగా ప్యాకింగు. సైకిల్ కొట్లో అడిగితే ఖాళీ అట్టపెట్టె ఇస్తారు. పెడళ్లు విప్పేటప్పుడు కుడిది మామూలు మర, ఎడమది తిరగేసిన మర, గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పితేనే ఊడుతుంది. ఒకసారి అర్ధరాత్రి ఎడమ పెడలును వ్యతిరేక దిశలో బిగించీ బిగించీ పానా జారి పిడికిలి చీరుకున్నాను. వెనక గేరు మార్చే పరికరాన్ని విప్పి, గుడ్డ చుట్టి, చట్రం లోపలికి తాడుతో కట్టండి. అది వేలాడే చిన్న లోహపు కొక్కెం ప్రతి సైకిల్‌కూ వేరే ఆకారంలో ఉంటుంది, పెట్టె మీద ఎవరైనా బరువు వేస్తే ముందు వంగేది అదే. నాది లువాంగ్ ప్రబాంగ్ చేరేసరికి వంగి ఉంది, అక్కడ అలాంటిది దొరకదు. వీధి చివర వెల్డింగు కొట్టాయన రెండు పానాలతో పట్టి, కన్ను మూసి చూసుకుంటూ, మూడు సార్లు వంచి సరిచేశాడు. డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు నా పనిముట్ల సంచిలో అదనంగా రెండు కొక్కేలు ఉంటాయి.